మనోళ్ల కోసం ఓడిపోవాల్నా?

పోస్టు జర పెద్దగున్నది, ఓపిక చేసుకొని చదవండి. సేవాలాల్ జయంతి కబడ్డీ టోర్నమెంటు గురించి మూడు రోజుల సంది గ్రూపులో నడుస్తున్న పంచాయితీకి ఇది మా జవాబు. మేమంటే కొత్తకోట చుట్టుపక్కల తాండాల నుంచి వచ్చి ఇంటర్, డిగ్రీ చదువుతున్న పదకొండు మందిమి. అందులో ఏడుగురం జూనియర్ టీములో ఆడేటోళ్లం.

విషయం అందరికీ తెలిసిందే. మన సీనియర్లు, మన జూనియర్లు ఒకే పూల్‌లో పడ్డరు. అదే పూల్‌లో అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చే చెంచు పిల్లల టీము ఉన్నది. సీనియర్లకు పాయింట్ల తేడా తక్కువొస్తే, ఆఖరి లీగ్ మ్యాచులో జూనియర్లు వాళ్లకు పెద్ద తేడాతో ఓడిపోవాలన్నది కొందరు అన్నలు పెట్టిన ప్రపోజల్. జూనియర్లకు ఎట్లాగూ సెమీస్ ఆశ లేదు, ప్రైజు మనోళ్లకే వస్తది, ఎవరికి నష్టం అని అడిగిన్రు.

ఒక అన్న కార్ల రేసులు ఉదాహరణ చెప్పిండు. టీము చెప్తే డ్రైవర్ పక్కకు జరుగుతడు, అది తప్పెట్ల అయితది అన్నడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు సంగతి గూడ తీసిండు. ఆ రోజు జాగ్వార్ టీము కార్లు రెండూ ఒకదానికొకటి గుద్దుకొని రెండూ రేసు నుంచి పోయినయి. ముందుగాల మాట్లాడుకోకపోతే గట్లనే అయితదని ఆయన వాదన. నిజమే, ఆ మాటలో కొంత బలమున్నది. ఫార్ములా వన్‌లో టీము ఆర్డర్ల మీద పెట్టిన నిషేధాన్ని 2011 నుంచి ఎత్తేసిన్రు గూడ.

కానీ అన్నా, అదే కార్ల లోకంలో ఇంకో కథున్నది. అమెరికాల నాస్కార్ అని స్టాక్ కార్ల రేసులుంటయి. చూడనీకి మన నేషనల్ హైవే మీద ఉరికే కార్ల లెక్కనే ఉంటయి గానీ లోపల అంతా రేసు సామానే. 2013 సెప్టెంబర్ 7న రిచ్‌మండ్‌లో సీజన్ ఆఖరి పోరుకు ఎవరు పోవాల్నో తేలే రేసు. ఇంక ఏడు ల్యాపులు ఉన్నయనంగ మైకేల్ వాల్‌ట్రిప్ టీము డ్రైవర్ క్లింట్ బౌయర్ కారు గిర్రున తిరిగింది. రేసు నెమ్మదైంది. అప్పటిదాంక ముందున్న రయాన్ న్యూమన్ వెనకబడ్డడు. బౌయర్ టీములోనే ఉన్న మార్టిన్ ట్రూయెక్స్‌కు ఆఖరి పోరులో చోటు దొరికింది.

కావాలనే తిప్పిండా? ఆ ముక్క నాస్కార్ తేల్చలేకపోయింది. తేలింది ఇంకోటి. అదే టీములో మూడో డ్రైవర్ బ్రయన్ విక్కర్స్‌ను పిట్‌లోకి రమ్మని రేడియోలో చెప్పిన మాటలు రికార్డయినయి. టీముకు 3 లక్షల డాలర్ల జరిమానా వేసిన్రు, పాయింట్లు కోసిన్రు. ట్రూయెక్స్‌ను తీసేసి న్యూమన్‌ను పెట్టిన్రు. స్పాన్సర్ పోయిండు. 2015 ఆఖరుకు ఆ టీమే మూతపడ్డది. ట్రూయెక్స్ వేరే టీముకు పోయి 2017లో చాంపియన్ అయిండు.

2024 నవంబర్‌లో మార్టిన్స్‌విల్‌లో మళ్ల గదే తీరు. ముగ్గురు డ్రైవర్లకు, వాళ్ల టీములకు కలిపి 6 లక్షల డాలర్ల జరిమానా. అందులో బబ్బా వాలేస్ ఒకడు. నాస్కార్ పెద్ద సిరీస్‌లో పూర్తికాలం ఆడే నల్లజాతి డ్రైవర్ అతనొక్కడే. రేసుల కాడ బానిసత్వం నాటి జెండా ఎగరొద్దని 2020లో గొంతెత్తిన మనిషి. మాకు ఇష్టమైనోడు. టైరులో గాలి పోతున్నదనుకొని నెమ్మదించిన అన్నడు, నాస్కార్ ఒప్పుకోలేదు. మనకు ఇష్టమైనోడని మాట దాయలేం కదా.

ఇదంతా అమెరికా ముచ్చట అంటరేమో. మన హైదరాబాద్‌లో ఆట నేర్చిన గుత్తా జ్వాల సంగతి చూద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్. జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ 2010 కామన్వెల్త్‌లో బంగారం, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చిన జోడీ. లండన్‌లో జపాన్ మీద ఓడిన్రు, చైనీస్ తైపీ మీద, సింగపూర్ మీద గెలిచిన్రు. మూడింట రెండు గెలిచినా క్వార్టర్స్‌కు పోలేదు, ఎందుకంటే ఆఖరి మ్యాచులో జపాన్ జోడీ తైపీ మీద 19–21, 11–21తో ఓడింది. మూడు జోడీలు సమానమైనయి. పాయింట్ల తేడా లెక్క తీస్తే మనోళ్లు ఒక్క పాయింటుతో బయటికి. ఒక్కటంటే ఒక్కటి!

జపాన్ జోడీ కావాలని ఓడిందని మన దేశం ఫిర్యాదు చేసింది, పై వాళ్లు కొట్టేసిన్రు. అదే రోజుల్లో చైనా, దక్షిణ కొరియా, ఇండోనేషియాలకు చెందిన నాలుగు జోడీలను మాత్రం ఒలింపిక్స్ నుంచే ఎల్లగొట్టిన్రు. వాళ్లు సర్వీసులు నెట్టుకు కొడుతుంటే జనం మైదానంలోనే కేకలేసిన్రు. సులువైన డ్రా కోసం ఓడనీకే పోటీ పడ్డరు. జపాన్ జోడీ ఆఖరుకు వెండి పతకంతో ఇంటికి పోయింది. వాళ్లు తప్పు చేసిన్రని మేం అనలేం, రుజువు లేదు. కానీ గెలిచిన మ్యాచులు రెండు చేతుల పట్టుకొని ఇంకొకరి మ్యాచు వైపు చూసుకుంట బయటికి పోవుడు ఎట్లుంటదో ఆలోచించండి.

మన పూల్‌లో ఆ జ్వాల జాగా ఎవరిది? చెంచు పిల్లలది. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి అని బస్సులు మారుకుంట, సొంత పైసలతోని వస్తున్నరు. "మనోళ్లు" అన్నప్పుడు వాళ్లు మనోళ్లు కాదా? ఈ గ్రూపుకు గిరిజన విద్యార్థుల గ్రూపని పేరు పెట్టింది మనమే. ప్రైజు కాడికి వచ్చేసరికి మనోళ్లంటే మన తాండా వరకేనా?

ఇంకో మాట. మాలో ఒక అక్క బడిలో ఉన్నప్పుడు 800 మీటర్లు ఉరికేది. ఒక మీట్‌లో, ఏ మీటో వద్దు, ముందు ల్యాపు నువ్వు లాగు, ఆఖరుకు ఫలానా పిల్లను పోనియ్యి అని ఒక సారు చెప్పిండు. పెద్దమనిషి మాట, కాదనలేదు. ఆ పిల్లకు మెడల్, ఈమెకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్. తర్వాత స్పోర్ట్స్ కోటా కాడ ఆ కాగితం పనికిరాలేదు. ఇప్పటికీ ఆమె ఆ సారును తిట్టదు. "నాలో ఎంత ఉరుకుడున్నదో నాకే తెల్వకుండ పోయింది" అంటది, గంతే. మా జూనియర్లలో పదోతరగతి పిల్లలు ఇద్దరున్నరు. వాళ్ల మొదటి పెద్ద మ్యాచులో మనం నేర్పేది ఇదేనా?

అలిసిన రైడర్‌ను కూసోబెట్టుడు వేరే. దెబ్బ తాకినోణ్ని ఆపుడు వేరే. అవి ఆటలో భాగమే. డూ ఆర్ డై రైడ్‌కు పోయి ఎవరినీ ముట్టకుండ కావాలని పట్టుబడుడు వేరే. రిఫరీకి తెల్వకపోవచ్చు, రోజూ పక్కన ఆడేటోనికి తెలుస్తది.

ఒలింపిక్స్ తర్వాత బ్యాడ్మింటన్‌వాళ్లు మనుషుల్ని తిట్టి ఊరుకోలేదు, పద్ధతి మార్చిన్రు. గ్రూపులు అయినంక రెండో స్థానంలో వచ్చినోళ్లకు మళ్ల డ్రా తీసేటట్టు చేసిన్రు. మనం గూడ పద్ధతే మార్చుకుందాం. టోర్నమెంటు పెట్టే అన్నలను మూడు అడుగుతున్నం. మన రెండు టీములను వేరే వేరే పూల్‌లలో వెయ్యండి. ఆఖరి లీగ్ మ్యాచులు రెండు కోర్టుల మీద ఒకే టైముకు పెట్టండి, ఎవరికెంత కావాల్నో లెక్క చూసుకొని ఆడే సందు ఉండొద్దు. సెమీస్‌కు జోడీలు లీగ్ అయినంక చిట్టీలు తీసి పెట్టండి. రెండో కోర్టుకు గీతలు గీసే పని మాదే, సున్నం మేమే తెస్తం.

పూల్‌లు మారకపోతే గూడ సీనియర్ అన్నల మీద మా ఏడుగురం పూర్తి బలంతో ఆడుతం. అన్నలు గెలిస్తే చప్పట్లు కొడుతం. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే ఆదివారం లోపల ఇక్కడనే రాయండి, ఫోన్లు చేసి పిల్లలను బుదగరించుడు వద్దు.