అద్భుతానికి లెక్క: కల్పితలోకంలో పూర్వాపర సంగతి – ఒక అనుభవ పరిశీలన

కల్పితలోకంలో ఏదైనా జరగవచ్చునన్నది తరచు వినిపించే అభిప్రాయం. అద్భుతకథను చులకన చేసేవారూ, అభిమానించేవారూ కూడ ఈ మాటను సమానంగా వాడుతారు. జానపద కథలలోని అద్భుతవస్తువులపై పరిశోధన చేస్తున్న నేను ఈ అభిప్రాయాన్ని గ్రంథాలలో కంటె ముందుగా ఒక ఆటలో పరీక్షించవలసి వచ్చింది. ఆ అనుభవాన్నీ, అది నా పరిశోధనలోనికి తెచ్చిన ప్రశ్ననూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట స్వరూపం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. బల్లచుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడలకు అదే మూలం. ఇందులో ఒకరు నిర్వాహకులుగా ఉండి లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ లోకంలో తాము ఏమి చేస్తున్నారో నోటితో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచిక వేస్తారు. నియమాలు గ్రంథస్థం, కథ మాత్రం మౌఖికం. మా వసతిగృహంలో అయిదుగురు పరిశోధకులం శనివారం రాత్రులలో దీనిని తెలుగులోనే ఆడుతూ వచ్చాం. భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మిత్రుడు నిర్వాహకుడు.

నవలలో పొందిక చెడితే పాఠకుడు విసుగుకొంటాడు, లేదా చూచీ చూడనట్లు ముందుకు పోతాడు. ఆటలో అది సాధ్యం కాదు. నది తూర్పుకు పారుతుందని మొదటి వారం విన్న ఆటగాడు మూడవ వారం ఆ మాటను నమ్మి తెప్ప కడతాడు. నిర్వాహకుడు ఆనాడు నదిని పడమటికి మళ్ళిస్తే మునిగేది తెప్ప ఒక్కటే కాదు, ఆలోచించి నిర్ణయం తీసుకోవడంలోని అర్థం కూడ. కాబట్టి ఈ క్రీడలో పూర్వాపర సంగతి అనేది పదిమంది ఎదుట ఇచ్చిన మాట వంటిది.

సంగతి, ఔచిత్యం

ఈ విషయాన్ని పాశ్చాత్య విమర్శలో స్పష్టంగా చర్చించినవాడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. 1939లో ఉపన్యాసంగా చెప్పి, 1947లో వ్యాసంగా ప్రకటించిన అద్భుతకథా చర్చలో ఆయన కల్పితలోకాన్ని ద్వితీయలోకంగా భావించాడు. ఆకుపచ్చని సూర్యుడు అని అనడం ఎవరికైనా సులభమే; ఆ సూర్యుడు నమ్మదగినదిగా తోచే లోకాన్ని నిర్మించడంలోనే శ్రమ ఉన్నదని ఆయన అభిప్రాయం. మన ఆలంకారికులు దీనికి సన్నిహితమైన భావాన్ని మరొక వైపు నుంచి స్పృశించారు. రసభంగానికి అనౌచిత్యమే కారణమని ఆనందవర్ధనుడు భావించాడు. క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యజీవితంగా ప్రతిపాదించాడు.

ఈ రెండు దృష్టులూ కవి పక్షాన నిలిచి మాట్లాడుతాయి. లోకాన్ని నిర్మించేవాడు ఏమి చేయాలన్నది వాటి ప్రశ్న. ఆ లోకంలో బ్రతకవలసినవాడు ఏమి అడగవచ్చునన్న ప్రశ్న నాకు ఆట వల్లనే తటస్థించింది.

పదిహేను మంది

ఒక దశలో మా కథ కరవు సీమకు చేరింది. మూడేళ్ళుగా వాన లేదు. చెరువులు నెర్రెలు విచ్చాయి. జనం మూటలు నెత్తిన పెట్టుకొని వలస పోతున్నారు. వర్ణన బాగుంది, అందరం నిశ్శబ్దంగా విన్నాం. అయితే ఈ ఆట నియమగ్రంథంలో అన్నపానీయాలను సృష్టించే మంత్రం ఒకటి ఉన్నది. 2014 నాటి అయిదవ కూర్పు ప్రకారం అది మూడవ స్థాయి మంత్రం. ఒకసారి ప్రయోగిస్తే 45 పౌండ్ల ఆహారం, 30 గ్యాలన్ల నీరు లభిస్తాయి; అంటే సుమారు 20 కిలోలు, 113 లీటర్లు. అది 15 మందికి ఒక దినానికి చాలుతుంది. ఈ మంత్రం అప్పుడే పట్టుబడిన అయిదవ స్థాయి అర్చకుడు దానిని రోజుకు రెండుసార్లు ప్రయోగించగలడు. 600 మంది ఉన్న గ్రామానికి అటువంటి అర్చకులు ఇరవై మంది కావాలి. మేము చేరిన గ్రామంలోని గుడిలో ఉన్నది ఒక్కరే.

అనంతపురం జిల్లా నుంచి వచ్చిన మిత్రురాలు ఈ లెక్క విని నిర్వాహకుణ్ణి అడిగింది: “అయితే దినానికి రెండు పదైదుల మంది తింటారు కదన్నా. ఆ ముప్పై మంది ఎవరని ఎవరు రాస్తారు?”

నిర్వాహకుడు కొంతసేపు ఆలోచించి, “గుడి ధర్మకర్తలు రాస్తారమ్మా” అన్నాడు.

అక్కడి నుంచి ఆట మారిపోయింది. కరవు అంతవరకు ఒక నేపథ్యం. ఆ సమాధానంతో దానికి ఒక పట్టీ, పట్టీ వ్రాసే చేయి, పట్టీలో పేరు లేని గుమ్మం ఏర్పడ్డాయి. తరువాతి నాలుగు శనివారాలు మేము ఏ రాక్షసునితోనూ యుద్ధం చేయలేదు. ఆ పట్టీ కొరకే పోరాడాం.

మంత్రాన్ని అంగీకరించిన లోకంలో ఆకలి కేవలం ప్రకృతి వల్ల కలిగినదని చెప్పడం కుదరదు. అన్నం సృష్టించగల శక్తి ఉండి కూడ జనం పస్తులుంటే, ఆ పస్తుకు కర్తలు ఉండి తీరాలి. పొందికను చివరిదాకా పాటించడమంటే ఆ కర్తలను చూపించడమే. పొందిక లోపిస్తే కథ నమ్మదగనిది కావడంతో పాటు, బాధ్యులు కూడ కనుమరుగవుతారు.

అక్షయపాత్ర హద్దు

ఈ వెలుగులో అక్షయపాత్రను మళ్ళీ పరిశీలించాను. సూర్యుడు ధర్మరాజుకు ఇచ్చిన ఆ పాత్ర ద్రౌపది భుజించేంతవరకే ఆ నాటికి అన్నమిస్తుంది. ఆమె తిన్న పిమ్మట పాత్ర వట్టిది. ఈ హద్దు లేకపోతే దుర్వాసుని రాకకు అర్థమే లేదు. శిష్యసమేతంగా ఆ ముని వేళకాని వేళ రావడంలోని ఆపద అంతా ఆ నియమం మీదనే నిలిచింది. శ్రీకృష్ణుడు కూడ పాత్ర చేత మళ్ళీ అన్నం పుట్టించడు. అంచున అంటిన శేషాన్ని గ్రహించి తృప్తి చెందుతాడు. పరిష్కారం అద్భుతమే అయినా పాత్ర నియమం చెక్కుచెదరదు.

ఇంకొక సంగతి కూడ గమనించదగినది. ఆ నియమం ప్రకారం అందరికీ పెట్టి, చివరకు తినేది ద్రౌపది. పాత్రకు హద్దు ఆమె ఆకలి. పట్టీ వ్రాసే అధికారం ఎవరికున్నదని ఆటలో అడిగిన ప్రశ్నకు ఇక్కడ సమాధానం కథలోనే ఉన్నది: వడ్డించేవారి వంతు చివరిది. అద్భుతవస్తువు హద్దును కథాకౌశలంగా మాత్రమే చూస్తే ఈ ధర్మం కంటికి ఆనదు.

ముగింపు

మిత్రురాలి ప్రశ్న ఆటలో పుట్టినా దాని వేళ్ళు ఆటలో లేవు. 1876–78 నాటి ధాత కరవులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు దారుణంగా దెబ్బతిన్నాయి. ఆ కాలంలోనే ఈ దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూ ఉండినది. సహాయపు పనులలో కూలివానికి రోజుకు ఎంత గింజ చాలునన్నది అధికారులు లెక్క కట్టి నిర్ణయించారు. అన్నం ఉండి కూడ ఆకలి ఉండడం ఆ సీమకు అద్భుతకథ కాదు. అక్కడివారు కల్పితలోకంలోనైనా పట్టీ ఎవరిదని అడగడం సహజం.

మన జానపద కథలలో కోరినంత పెట్టే పాత్రలూ, తరగని గాదెలూ అనేకం. వాటిని అభిప్రాయాలుగా గుర్తించి, వర్గీకరించి, సూచికలకు ఎక్కించడం మన పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఆ పద్ధతి అవసరమైనదే. దానితో పాటు ప్రతి అద్భుతవస్తువు వద్దా మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా ప్రతిపాదన: దాని హద్దు ఏది? ఆ హద్దును కథ చివరిదాకా పాటించిందా? ఆ హద్దుకు ఆవల నిలిచిపోయినవారు ఎవరు? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం పాఠంలో దొరుకుతుంది. మూడవదానికి చాలా చోట్ల పాఠం మౌనం వహిస్తుంది. కథ చెప్పేవారినీ, వినేవారినీ అడిగి తెలుసుకోవలసినది అదే. నా క్షేత్రపర్యటన ప్రశ్నావళిలో దానిని మొదటి ప్రశ్నగా చేర్చుకొన్నాను.