కలరా ఉండలతో జాగ్రత్త!

పట్టుచీరకు కందిగింజంత చిల్లు పడితే ఇల్లాలి ప్రాణం ఉసూరుమంటుంది. పెళ్లినాటి చీర అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఆ బాధ లేకుండా బీరువాలో నాలుగు కలరా ఉండలు పడేసి మనం నిశ్చింతగా ఉంటాం. ఆ తెల్లటి ఉండలు పురుగును చంపుతాయో లేదోగానీ, కొందరు పసిబిడ్డల రక్తాన్ని మాత్రం విరిచెయ్యగలవని మీలో ఎంతమందికి తెలుసు? ముప్ఫై ఏళ్లుగా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టరుగానూ, రెండేళ్లపాటు ఇంట్లో చిమ్మటలతో వేగిన గృహస్థుగానూ ఈ సంగతి మీతో ముచ్చటించాలనిపించింది.

మా ఇంట్లో మొదట దెబ్బతిన్నది మా నాన్నగారి ఉన్ని శాలువా. తరువాత మా ఆవిడ పట్టుచీరలు రెండు. బీరువా ఖాళీ చేసి, అరలు తుడిచి, బట్టలు దులిపి మళ్లీ సర్దుకున్నాం. కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ చిల్లులు. ఇలా మూడుసార్లయింది. ఇంతలో మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చే రోజులు దగ్గర పడ్డాయి.

“పెద్ద ప్యాకెట్టు కలరా ఉండలు తెప్పించండి, ప్రతి అరలోనూ పోస్తాను. పీడ విరగడవుతుంది” అంది మా ఆవిడ.

“చీరలన్నీ పోయినా సరే, పురిటిబిడ్డ వచ్చే ఇంట్లో ఆ ఉండ ఒక్కటి కూడా ఉండడానికి వీల్లేదు” అన్నాను.

“మీ అమ్మగారి కాలం నుంచీ వేస్తున్నవే కదండీ!” అని ఆవిడ మొహం ముడుచుకుంది. అప్పుడు ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఊళ్లో అయిదు రోజుల మగబిడ్డను ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్లంతా పసుపు రాసినట్టుంది. పాలు తాగడం మానేశాడు. మాటిమాటికీ మగతలోకి జారిపోతున్నాడు. పురిటి పసికర్లు చాలామంది బిడ్డలకు వచ్చేవేగానీ ఇంత తీవ్రంగా ఉండవు. తల్లి గ్రూపూ, బిడ్డ గ్రూపూ చూస్తే తేడా ఏమీ లేదు. బిడ్డను చుట్టిన గుడ్డను విప్పేసరికి గుప్పున కలరా ఉండల వాసన వచ్చింది. మెత్తగా ఉంటుందని అమ్మమ్మగారు ట్రంకు పెట్టె అడుగునుంచి పాత పట్టుచీర తీసి, బిడ్డకు నూనె రాసి స్నానం చేయించినప్పుడల్లా అందులో చుట్టిందట. ఎంత ప్రేమ! ఆ ప్రేమే బిడ్డ మీదికి ముప్పు తెచ్చింది. నీలికాంతి కింద పెట్టి, రక్తం మార్చితేగానీ ఆ పిల్లవాడు దక్కలేదు. పసికర్లు అలా ముదిరితే మెదడు దెబ్బతింటుంది. చెవుడు రావచ్చు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

అసలు కారణం ఏమిటి?

మనం కలరా ఉండలనేవి సాధారణంగా నాఫ్తలీన్ ఉండలు. పేరు చూసి అవి కలరాను ఆపుతాయనుకునేరు సుమా! కలరా నీళ్లూ ఆహారం ద్వారా వచ్చే జబ్బు. ఈ ఉండలకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

నాఫ్తలీన్ గట్టిగా కనిపించినా కరగకుండానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి బట్టల్లోకి ఇంకుతుంది. వాసన ఉన్నంతకాలం బట్టలో మందు ఉన్నట్టే. బిడ్డ దాన్ని పీలుస్తుంది. పల్చటి చర్మంలోంచి కూడా అది లోపలికి పోతుంది. నాఫ్తలీన్ నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి నూనె రాసిన ఒంట్లోకి మరింత సులువుగా దిగుతుంది. మన ఇళ్లలో పసిపిల్లలకు నూనె రాయనిదే స్నానం ఉండదు కదా!

ఇది అందరినీ ఒకేలా బాధించదు. ఎర్ర రక్తకణాలను కాపాడే జి-6-పి-డి అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రలు కొందరి రక్తాన్ని ఎందుకు విరుస్తున్నాయో వెతుకుతూ 1956లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ లోపాన్ని కనిపెట్టారు. తల్లి ద్వారా కొడుకులకు సంక్రమిస్తుంది కనుక మగపిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లలకు రాదని మాత్రం అనుకోవద్దు. ఈ లోపం ఉన్నవాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా నిండు నూరేళ్లూ బతుకుతారు. నాఫ్తలీన్ వంటిది తగిలినప్పుడే ప్రమాదం. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తేగానీ తెలియదు. తెలియనప్పుడు జాగ్రత్తపడడమే మేలు కదా! యూరపు దేశాల కూటమిలో 2008 నుంచి ఈ ఉండలను అమ్మనివ్వడం లేదు.

శత్రువును గుర్తుపట్టండి

సంగతి విన్నాక మా ఆవిడ, “సరే, మరి పురుగు పోయే దారి చెప్పండి” అంది. న్యాయమైన ప్రశ్నే.

రాత్రి దీపం చుట్టూ తిరిగే పురుగు బట్టలు కొట్టే చిమ్మట కాదు. ఇది వెలుతురంటే పారిపోతుంది. బియ్యపు గింజంత ఉంటుంది, ఎండుగడ్డి రంగు. బీరువా తీయగానే మడతల్లోకి పరుగెత్తుతుంది. ఈ రెక్కల పురుగు అసలు తిండే తినదు. తినేది దాని పిల్ల, తెల్లటి సన్నని పురుగు. ఒక్క ఆడపురుగు నలభై యాభై గుడ్లు పెడుతుంది. కాబట్టి ఎగిరేవాటిని చప్పట్లు కొట్టి చంపితే లాభం లేదు.

ఆ పిల్లపురుగుకు కావలసింది ఉన్ని, పట్టు, వెంట్రుకలు, ఈకలు. శుభ్రమైన నూలు బట్టను సాధారణంగా ముట్టదు. చెమట, నెయ్యి, పాయసం మరకలంటే మహా ఇష్టం. పెళ్లిలో కట్టుకున్న చీరను అలాగే మడిచి లోపల పెట్టేస్తే దానికి విందు భోజనమే.

ఈ చిమ్మటల వల్ల దద్దుర్లు వస్తున్నాయని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఇవి కుట్టవు, కరవవు. ఒళ్లంతా దురద, అందులోనూ రాత్రిళ్లు ఎక్కువై, ఇంట్లో అందరికీ ఉంటే అది గజ్జి కావచ్చు. పురుగును తిట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

మూలం ఎక్కడ?

మా ఇంట్లో మూడుసార్లు సర్దినా పురుగు ఎందుకు పోలేదంటే, దాని కాపురం బీరువాలో లేదు. జ్వరం తగ్గించి రోగాన్ని వదిలేసినట్టు బీరువా ఒక్కటే తుడుస్తున్నాం. ఒక ఆదివారం అందరం కలిసి ఇల్లంతా గాలించాం. అటక మీద చుట్టిపెట్టిన తాతల నాటి గొంగళి దొరికింది. విప్పితే జల్లెడలా ఉంది. దాని పక్కనే రేకుపెట్టెలో మా అమ్మ సవరాలు. వెంట్రుకలే కదా, సగం తినేశాయి. పడకగది వెంటిలేటరులో పావురాలు వదిలేసిన గూడు, దాన్నిండా ఈకలు. అక్కణ్ణుంచే మా బీరువాకు రాకపోకలు!

గొంగళినీ సవరాలనూ కాల్చేశాం. ముక్కుకు గుడ్డ కట్టుకుని గూడు తీసేసి, వెంటిలేటరుకు జాలీ కొట్టించాం. ఆ తరువాత చేసినవి వరసగా చెబుతాను. మీరూ చేయవచ్చు.

బీరువా మొత్తం ఖాళీ చేసి, మూలలూ, చెక్కల సందులూ, బీరువా వెనక గోడా వాక్యూమ్ క్లీనరుతోనో, కుచ్చు చీపురుతోనో శుభ్రం చేయండి. ఊడ్చిన దుమ్మును ఇంట్లో ఉంచకండి. ఉన్ని బట్టలను మంచి ఎండలో పరిచి, తిరగేసి, మడతలూ కుట్లూ బ్రష్షుతో గట్టిగా దులపండి. పట్టుచీరలను మాత్రం నీడలోనే గాలికి వేయండి. ఎండకు రంగు వెలుస్తుంది.

పురుగు పట్టిన విలువైన బట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, బాగా చల్లబడే ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. డ్రైక్లీనింగు చేయించినా గుడ్లతో సహా చస్తాయి.

కట్టిన పట్టుచీరను ఒక రాత్రి ఆరబెట్టి, మరకలు పోగొట్టి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి దాచండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి. ఎండిన వేపాకు, వట్టివేళ్లు వేసుకుంటే వేసుకోండి. కొత్త పురుగును కొంత దూరంగా ఉంచవచ్చుగానీ, ఉన్న పురుగును చంపవు. పొలాల్లో చల్లే మందులు మాత్రం బట్టల దగ్గరికి రానివ్వకండి.

కలరా ఉండలైనా అంతే. గాలి చొరని పెట్టెలో ఆవిరి బాగా చిక్కబడితేనే పురుగు చస్తుంది. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో వాసన తప్ప ప్రయోజనం తక్కువ.

మా ఇంట్లో పూర్తిగా నెమ్మదించడానికి ఏడాది పట్టింది. ఓపిక కావాలి. మా ఆవిడ చీర మరొకటి పోయింది. మనవడు మాత్రం ఆ వాసన ఎరక్కుండా పెరిగాడు.

పిల్లలు మింగితే?

తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంటులా ఉంటుంది కనుక పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. బాత్‌రూము తూము మీదా, చేతులు కడిగే బేసినులోనూ వేసే ఉండలు వాళ్లకు బాగా అందుబాటులో ఉంటాయి. పిల్లవాడు మింగాడని అనుమానం వస్తే వేళ్లు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. పాలు, నెయ్యి, నూనె వస్తువులు అసలే వద్దు. కొవ్వుతో కలిసి విషం త్వరగా ఒంటికి పడుతుంది. మిగిలిన ఉండనో, ప్యాకెట్టునో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ ఉండ ఏదో తెలియకపోతే గ్లాసు నీళ్లలో వేస్తే కర్పూరం తేలుతుంది, నాఫ్తలీన్ మునుగుతుంది. కర్పూరం మింగితే నిమిషాల్లోనే ఫిట్సు రావచ్చు. పరీక్ష కోసం ఆలస్యం చేయకండి.

నాఫ్తలీన్ మింగిన పిల్లవాడు ఆ రోజు హుషారుగానే ఆడుకోవచ్చు. చూసి మోసపోకండి. రక్తం విరగడం ఒకటి రెండు రోజుల తరువాత మొదలవుతుంది. మూత్రం టీ డికాషను రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, మొహం పాలిపోయినా, ఆయాసపడుతున్నా క్షణం ఆగకూడదు.

మీ ఇంట్లో పురిటిబిడ్డ ఉంటే ఈ రోజే ఒక పని చేయండి. ట్రంకు పెట్టెల్లోనూ, బీరువాల్లోనూ ఉన్న ఆ ఉండలు ఏరి పారేయండి. బిడ్డకోసం దాచిన గుడ్డలూ, బొంతలూ వాసన చూడండి. ఏ మాత్రం వాసన ఉన్నా వాటిని బిడ్డ ఒంటికి తగలనివ్వకండి. బాగా ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాక పెద్దవాళ్లు వాడుకోండి. బిడ్డకు ఉతికిన నూలు గుడ్డను మించిన పట్టు లేదు.