ఉలుకూ పలుకూ

సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగంలో గోల త్వరగానే అలవాటవుతుంది. నిశ్శబ్దాన్ని నమ్మాలా వద్దా అన్నదే ఎన్నేళ్లయినా తేలదు.

డేటా సెంటర్ లోపల నిశ్శబ్దం ఎలాగూ ఉండదు, ఫ్యాన్ల హోరులో పక్కమనిషి మాటే వినపడదు. నేననేది తెర మీది నిశ్శబ్దం గురించి. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులో కూర్చుని ఎక్కడో అమెరికాలో ఉన్న యంత్రాలను కనిపెట్టుకునేవాళ్ల ముందు గళ్లన్నీ పచ్చగా వెలుగుతుంటాయి. అంతా బాగుండైనా ఉండాలి, బాగోలేదని చెప్పే నోరు పడిపోయైనా ఉండాలి.

అందుకే యంత్రాన్ని దాని మానాన వదలరు. ఉన్నావా అని నిమిషానికోసారి పలకరిస్తుంటారు. రెండు మూడుసార్లు పలక్కపోతే ఎవరో ఒకరి ఫోను మోగుతుంది. సర్వర్లో బీఎంసీ అనే చిన్న చిప్ కూడా ఉంటుంది. అసలు యంత్రం కుప్పకూలినా, కరెంటు అందుతున్నంతసేపు అది మేలుకునే ఉండి ఫ్యాన్ల వేగం, వేడి, వోల్టేజీ తన చిట్టాలో రాసుకుంటుంది.

హార్డ్ డిస్కులకు ‘స్మార్ట్’ అనే స్వయంపరీక్ష ఉంది. ఎన్ని సెక్టార్లు చెడ్డాయో డిస్కే లెక్క చెబుతుంది. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు తిరగేశారు. మొదటి స్కాన్ ఎర్రర్ చూపిన డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. మూలుగును నమ్మొచ్చన్నమాట. కానీ అదే పత్రంలో మరో లెక్క ఉంది: పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. మోకాళ్ల నొప్పులని మూలిగే పెద్దాయనను ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఏనాడూ ఏమీ అనని మనిషి సంగతే ఎవరికీ తట్టదు.

మెమరీ తీరు వేరు, తన తప్పు తనే దిద్దుకుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో యంత్రానికి అప్పగించిన లెక్కలు, తప్పు తగలగానే మధ్యలో ఆగిపోయేవి. తప్పు పట్టగలిగిన యంత్రం దాన్ని దిద్దలేదా అన్న విసుగులోంచి పుట్టిన కోడ్‌ను ఆయన 1950లో ప్రచురించారు. సర్వర్లలో సాధారణంగా 64 బిట్లకు మరో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తారుమారైతే దిద్దేస్తాయి, రెండైతే తప్పుందని చెబుతాయి. దిద్దుబాటు జరిగినట్టు వాడేవాళ్లకు తెలియనే తెలియదు, లాగ్‌లో ఒక్క పంక్తి మిగులుతుంది. కొత్తవాళ్లు దాన్ని శుభవార్తగా చదివి ముందుకెళ్తారు. పాతవాళ్లు, ఇదే స్లాటులో ఈ వారం ఇది ఎన్నోసారి అని వెనక్కెళ్తారు.

దిద్దేవాడు లేకపోతే ఏమవుతుందో 2003లో బెల్జియం చూసింది. బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో ఎలక్ట్రానిక్ ఓట్ల లెక్కింపులో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ దొరకలేదు. 4096 అంటే రెండుకు పన్నెండో ఘాతం, సరిగ్గా ఒక్క బిట్ తిరగబడితే వచ్చే తేడా. విశ్వకిరణం తగిలి ఉంటుందని అనుకున్నారు. రావడానికి వీల్లేనన్ని ఓట్లు రావడంతో మనుషులకు అనుమానం వచ్చింది. అదే కింది బిట్ ఒకటి తిరగబడి నాలుగు ఓట్లే పెరిగి ఉంటే, ఇవాళ చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు.

కాపలా కాసే వ్యవస్థే మూగబోతే? దానికీ ఒక ఉపాయం ఉంది. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వాడే చాలాచోట్ల ‘వాచ్‌డాగ్’ పేరుతో ఎప్పుడూ మోగుతూనే ఉండే అలారం ఒకటి పెడతారు. అది ఆగిందంటే, మిగతా అలారాలూ ఇక మోగవని బయటినుంచి వింటున్న మరో ఏర్పాటుకు తెలుస్తుంది. ప్రమాదాన్ని చెప్పడానికి చప్పుడు ఆపడం! నిశ్శబ్దంతో వేగి వేగి విసిగిన వాళ్లకే తట్టే ఆలోచన అది.

తెర మీది గళ్లలో చాలావరకు ఏదో ఒక పాత దెబ్బ నేర్పినవే. డిస్కు నిండి సైటు పడిపోయాకే డిస్కు ఎంత నిండిందని అడగడం మొదలవుతుంది. కనుక పచ్చరంగు అడిగినవాటికే జవాబు, అడగనివాటికి పూచీ పడదు. అన్నీ పచ్చగా ఉన్న రాత్రి కంగారుపడక్కర్లేదు, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోనూ అక్కర్లేదు. ఇంకా ఏం అడగలేదో ఆలోచించడానికి అంతకంటే తీరిక దొరకదు.