ఖాళీ చేసిన గదుల కబురు

బదిలీ ఉత్తర్వు వస్తే మా ఇంట్లో ముందుగా సర్దేది గిన్నెలు కాదు, ల్యాప్‌టాప్. జోధ్‌పూర్, సిల్చర్, విశాఖ ఫొటోలు, పిల్లల టీసీల స్కాన్లు, మేము తయారుచేసుకున్న తెలుగు పాఠాలు అన్నీ అందులోనే. రైల్లో ఎవరైనా ఎత్తుకుపోయినా లోపలిది చదవలేకుండా, లినక్స్ వేసిన రోజే డిస్కు మొత్తానికి లక్స్ పద్ధతిలో తాళం వేసుకున్నాం. పాస్‌వర్డ్ లేనివాడికి అది అర్థంలేని అంకెల కుప్ప.

రెండేళ్లకు పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు అది నీరసించసాగింది. కారణాలు చాలా ఉండొచ్చు. మేము ముందుగా చూసింది ట్రిమ్.

క్వార్టర్లలో పెరిగే మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది, ఆ కాగితం మాత్రం ఆఫీసుకు చేరలేదు. రిజిస్టరులో ఇంకా వాళ్ల పేరే! సున్నం వేయరు, కొత్తవారికి ఇవ్వరు. ఎస్‌ఎస్‌డీలోనూ అంతే. ఫైలు తీసేసిన సంగతి ఫైల్ సిస్టమ్‌కు తెలుస్తుంది, డిస్కుకు తెలియదు. పైగా ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు, ముందు చెరపాలి. రాసేది పేజీల లెక్కన, చెరిపేది ఎన్నో పేజీలున్న బ్లాకు లెక్కన. అందుచేత పనికిరాని పేజీలను కూడా డిస్కు ఒకచోటినుంచి ఇంకోచోటికి మోస్తూ ఉంటుంది. వేగం తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. 'ఇవి ఖాళీ' అని డిస్కుకు చెప్పే కబురే ట్రిమ్.

చాలా లినక్స్‌లలో ఈ కబురు వారానికొకసారి దానంతటదే వెళ్తుంది. మధ్యలో తాళం వేసే డీఎం-క్రిప్ట్ మాత్రం, అనుమతి ఇస్తే తప్ప దాన్ని కిందికి పోనివ్వదు. ఆ అనుమతి ఇచ్చే వీలు 2011లో కెర్నెల్ 3.1తో వచ్చింది. కొన్ని లినక్స్‌లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దాన్ని రాసేస్తాయి, మాదాంట్లో లేదు. ఈ పట్టుదలకు కారణం ఉంది. ఖాళీ గదులేవో తెలిస్తే, తాళం తీయకుండానే లోపల ఎంత సామానుందో, ఎక్కడుందో, ఫైల్ సిస్టమ్ ఏ రకమో ఊహించవచ్చు. సామాను మాత్రం కనబడదు.

రెండు సాయంత్రాలు ఇంట్లో ఇదే చర్చ. రైల్లో ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయేవాడు ఖాళీ గదులు లెక్కపెడతాడా అన్నది చివరికి నెగ్గింది. మమ్మల్ని వెనక్కు లాగింది ఇంకొకటి: ట్రిమ్ నడిచాక, పొరపాటున తీసేసిన ఫొటో తిరిగి దొరకడం దాదాపు కల్ల. అందుకని ముందు అన్నిటికీ బ్యాకప్ తీశాం.

పని చిన్నదే. డిస్కుల పట్టిక చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశానికి డిస్కార్డ్ ఆప్షన్ చేర్చి చూస్తే, తాళం వేసిన భాగం ఎదుట సున్నాలే ఉన్నాయి. క్రిప్ట్‌ట్యాబ్ ఫైలులో మా డిస్కు వరుసలో నాలుగో గడిలో 'డిస్కార్డ్' అని చేర్చాం. బూట్ అయ్యేటప్పుడు వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయించి, రీస్టార్ట్ చేశాం. సున్నాలు పోయాయి. ఎఫ్‌ఎస్‌ట్రిమ్‌ను ఒకసారి చేత్తో నడిపితే, ఎంత జాగా ఖాళీ అని చెప్పిందో లెక్క తెరమీదికి వచ్చింది.

పరీక్షల ప్రశ్నపత్రాలుండే చిన్న డిస్కుకు మాత్రం ఆ అనుమతి ఇవ్వలేదు. అందులో ఎంత నిండిందో కూడా మీకు తెలియనక్కర్లేదు కదా!