కిటికీ

2016 కృష్ణా పుష్కరాలకు అమ్మను మా పాత మేటడోరులో హంసలదీవి సంగమానికి తీసుకువెళ్ళాలని సంకల్పించాను. ఆవిడకు ఉబ్బసం. బండి వెనుక కిటికీయేమో తెరుచుకోనిది. రాత్రి అందులో పడుకోవడమెలా?

బెజవాడ ఆటోనగర్‌లో, పాత సామాన్ల కొట్లో రెండు ఇత్తడి బందులు దొరికాయి (ఇనుపవి సముద్రపు గాలికి నిలవవు). అద్దాన్ని చట్రంతో సహా ఊడదీసి, బందులు పైభాగాన బిగించాను. అలాగైతే తెరిచిన కిటికీయే వానకు చూరవుతుంది. ఊతకు చిల్లులు పొడిచిన అల్యూమినియం పట్టీ, చుట్టూ చీల్చిన సైకిలు ట్యూబు. నవ్వకండి!

తొలిసారి పట్టీ వంగి చట్రం నా వేళ్ళమీద పడింది.

"ఎందుకురా ఈ తంటా, మానేద్దాం" అంది అమ్మ.

రెండు పట్టీలు జతచేసి మళ్ళీ బిగించాను.

హంసలదీవిలో ఆ రాత్రి జల్లు కురిసింది. రెండుమార్లు లేచి చూశాను. అమ్మ నిద్రపోతూనే ఉంది.