అర టికెట్

నాకు ఏడేండ్లు వచ్చాక కూడా, ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సెక్కితే మాత్రం నా వయసు నాలుగున్నరే. ఐదు నిండితే అర టికెట్ కొనాలి కదా. "అడిగితే నాలుగున్నర అని చెప్పు" అని నాయిన బస్టాండులోనే ఒప్పజెప్పించుకునేవాడు. కండక్టర్ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏం సారూ, మూడేండ్లసంది నాలుగున్నరలనే ఉన్నడు పోరడు?" అనేవాడు. బస్సంతా నవ్వేది. నాయిన కూడా నవ్వుతూనే చిల్లర తీసేవాడు. నేను కిటికీలోంచి టేకు చెట్లు చూసేవాణ్ని.

2014 అక్టోబర్‌లో ఎమ్మెస్ చదవడానికి వియన్నా వెళ్లాను. అక్కడి మెట్రో స్టేషన్లలో గేట్లుండవు. టికెట్ కొని, నీలం డబ్బాలో దూర్చి నువ్వే ముద్ర వేసుకోవాలి. వేసుకున్నావా అని అడిగేవాడు లేడు. మొదటి వారం నాకు ఇదొక వింత. రెండో వారానికి లెక్కలు మొదలుపెట్టాను: ఒక్కసారి ఎక్కితే 2.20 యూరోలు, అంటే దాదాపు 170 రూపాయలు. స్టూడెంట్ పాస్ చవకే కానీ, అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం ఇంకా చేతికి రాలేదు. అట్లా నాలుగు రోజులు ముద్ర లేకుండానే తిరిగాను.

ఐదో రోజు నా ఎదుట కూర్చున్న మామూలు జాకెట్ మనిషి జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. ఇట్లాంటి చెకింగ్ వాళ్లను ఆ ఊళ్లో ఇప్పటికీ 'నల్లటోపీలోళ్లు' అంటారట, టోపీలు పోయి ఎన్నేళ్లయినా. జరిమానా వంద యూరోల పైనే. అతను గొంతు పెంచలేదు, తిట్టలేదు. రసీదు రాసిచ్చి, "గుడ్ డే" చెప్పి దిగిపోయాడు. పెట్టెలో ఒక్కరూ తలెత్తలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది.

గోండుల మధ్య ఏళ్ల తరబడి బతికిన హైమెండార్ఫ్ 1909లో పుట్టింది ఆ నగరంలోనే అని తెలిసింది కూడా అక్కడే, ఒక క్లాస్‌మేట్ చెబితే. ఆయన ఉన్న మార్లవాయి మా ఊరికి దగ్గరే. చిన్నప్పుడు ఒక్కసారీ పోలేదు. బస్సులో నా పక్కన గోండి మాట్లాడేవాళ్లు రోజూ కూర్చునేవాళ్లు. నాకొచ్చిన గోండి మాటలు పది దాటవు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

జరిమానా విషయం నాయినకు చెప్పడానికి నెల పట్టింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నేనే నేర్పిన గదా" అన్నాడు చివరికి. కాదు నాయినా అనలేకపోయాను, అవును అనీ అనలేకపోయాను. చలి ఎట్లుందని అడిగి ఫోన్ అమ్మకిచ్చాడు.

పోయిన దసరాకు ముగ్గురం కలిసి ఆదిలాబాద్ పోయాం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అమ్మకు జీరో టికెట్ ఇచ్చారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి దిగేదాకా పిడికిట్లోనే పట్టుకుంది.

"పైసలే లేవు గదా, పారెయ్యరాదు" అన్నాడు నాయిన.

"చెకింగోళ్లొస్తే?" అంది అమ్మ, నా వైపు చూస్తూ.