ఒకే చోటు... రెండు పేర్లు

శ్రీకాళహస్తివాళ్ల పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ తర్వాతివాటిలో తిరుపతి జిల్లా. ఊరు కదల్లేదు, పేరే మారింది. మనకు ఇందులో తికమకేం లేదు. మరి కంప్యూటర్‌కో?

మా పెద్దమ్మ కొడుకు చిత్తూరులో డిగ్రీ చదివి, 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాడు. అప్పట్లో వైటూకే హడావుడి కదా! ఇప్పటికీ ఓ విదేశీ బీమా కంపెనీ పాత ప్రోగ్రాములే ఆయనకు అన్నం పెడుతున్నాయి.

కోబాల్ 1959లో మొదలైంది. ఆ రోజుల్లో మెమరీ బంగారంతో సమానం. అందుకే ఒకే స్థలానికి రెండు పేర్లు పెట్టుకునే వీలిచ్చారు. దాన్నే రీడిఫైన్స్ అంటారు. ఒక పేరుతో పిలిస్తే అక్కడున్నది తేదీ, ఇంకో పేరుతో పిలిస్తే సొమ్ము!

చిక్కల్లా ఒకదాని మీదికి ఒకటి వచ్చే గడుల మధ్య విలువలు జరిపేటప్పుడే. ‘పలక మీద అయిదు గడులు గీయబ్బా. 1 2 3 4 5 రాయి. మొదటి నాలుగింటినీ ఒక్కో గడి కుడికి జరుపు’ అన్నాడు అన్న. 1 1 2 3 4 రావాలి. కానీ కంప్యూటర్ ఎడమ నుంచి ఒక్కొక్కటే చెరిపి రాసుకుంటూ పోతే? ఒకటి రెండో గడిలోకి, అదే ఒకటి మూడో గడిలోకి... చివరికి 1 1 1 1 1!

తిరుమల క్యూ కాంప్లెక్స్ చూశారుగా. ముందు కంపార్ట్‌మెంటు ఖాళీ అయ్యాకే వెనకవాళ్లను వదులుతారు. ఇక్కడా కుడి చివర నుంచి జరపాలి. లేదంటే అంతా ముందు వేరేచోట రాసి పెట్టుకుని, తర్వాత తేవాలి. ఇలాంటప్పుడు ఫలితం ఇలాగే ఉంటుందని కోబాల్ ప్రమాణాలు హామీ ఇవ్వవు. తప్పు జరిగినా హెచ్చరిక రాకపోవచ్చు. ఎవరి పాలసీలోనో సొమ్ము మారిపోతుంది, అంతే.

ఇంకో వింత. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లలో ప్రోగ్రామర్లు ఇదే పద్ధతిని కావాలనే వాడేవారు. మొదటి గడిలో ఖాళీ పెట్టి, రికార్డు మొత్తాన్నీ తుడిచేసేవారు. ఆ సంగతి తెలియని కొత్తవాళ్లు దాన్ని ‘సరిదిద్దితే’ పాత విలువలు అక్కడే మిగిలిపోతాయి!

2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోరాల్సి వచ్చింది. మా అన్నకూ యాభై దగ్గరపడ్డాయి. ఏ గడి ఎందుకలా ఉందో చాలావరకు ఆయన తలలోనే ఉంది, కాగితం మీద లేదు. మొన్న ఓ లావుపాటి నోటుపుస్తకం కొనిచ్చాను. ‘ఎందుకిది?’ అన్నాడు. ‘నువ్వు చెప్పిందే కదన్నా... ముందు వేరేచోట రాసి పెట్టుకోవాలని’ అన్నాను.